మువ్వ పలకని పిలుపు

అనగనగా ఒక రాజ్యం, ఆ రాజ్యానికి పడమటి హద్దున ఒక అడవి. మనుషులు ఈ కథ చెప్పేటప్పుడు రాజ్యంతో మొదలుపెడతారు. ఏనుగులు చెప్పుకునేటప్పుడు అడవితో మొదలుపెడతాయి. ఇది ఏనుగుల కథ కాబట్టి, పిల్లలూ, మనం కూడా అడవితోనే మొదలుపెడదాం.

ఆ అడవి పేరు కరివనం. వెదురు పొదలు, మద్దిచెట్లు, వెలగచెట్లు, నడుమ ఇసుక మేటలు వేసిన ఒక ఏరు. ఒకప్పుడు అక్కడ గోతులు తవ్వి, పైన కొమ్మలూ ఆకులూ కప్పి ఏనుగులను పట్టేవారు. ఒకనాడు ఒక గున్న ఏనుగు అలాంటి గోతిలో పడింది. దాని ముందుకాలు విరిగింది. ఆ రోజు వేట చూడడానికి వచ్చిన చిన్న రాకుమారుడు గోతి అంచున నిలబడి దాని మూలుగు విన్నాడు. ఆ మూలుగు ఆయన చెవిలో ఉండిపోయింది. పెరిగి పెద్దవాడై, కుముదవర్మ మహారాజుగా సింహాసనం ఎక్కిన నాడే ఆయన దండోరా వేయించాడు.

"కరివనంలో ఇక గొయ్యి తవ్వరాదు. బాణం వేయరాదు. ఏనుగుల దారికి అడ్డంగా గుడిసె కూడా కట్టరాదు. ఆ అడవి ఏనుగులది."

దేశమంతా మెచ్చుకుంది. కానీ గోతిలో పడిన ఆ గున్నకు మాత్రం అడవి దక్కలేదు. కాలు అతికింది, కుంటితనం మిగిలింది. ఎండాకాలంలో ఏనుగుల మంద మేత వెతుక్కుంటూ కొండ నుంచి కొండకు నడుస్తుంది. కుంటికాలితో ఆ నడక సాగదు. అందుకని రాజు దాన్ని కోటలోనే ఉంచి, బరువులు మోయించకుండా, చెరకూ బెల్లమూ పెట్టించి సాకాడు.

కోటలో దాని పేరు రాజనందిని. అడవిలో దాని తల్లి పెట్టిన పేరు కాటుక. ఆ పేరు కోటలో ఎవరికీ తెలియదు.

కోటలో కాటుకకు ఏ లోటూ లేదు. అయినా పడమటి గాలి వీచినప్పుడల్లా అది నములుతున్న చెరకు ఆపేసేది. తొండం పైకెత్తి, కళ్ళు మూసుకుని, కదలకుండా నిలబడేది.

"ఏమ్మా రాజనందినీ, పుట్టింటి గాలి తగిలిందా?" అనేవాడు మావటి ఓబయ్య. అని, గాలి మళ్ళేదాకా దాని జోలికి వెళ్ళేవాడు కాదు.

కొన్నేళ్ళకు కోటలోనే కాటుకకు ఒక ఆడబిడ్డ పుట్టింది. కాలికి చిరుగంట కట్టి మువ్వ అని పేరు పెట్టారు. కాటుక ఆ బిడ్డను ఎంత జాగ్రత్తగా పెంచిందో చెప్పలేం. "అలా నిలబడకు. చెవులు అలా కొట్టుకోకు. ఓబయ్య మామ 'తీసుకో' అనేదాకా ముద్ద ముట్టుకోకు, దొంగ ఏనుగు అంటారు." మువ్వ బుద్ధిగా అన్నీ నేర్చుకుంది. దండం పెట్టడం నేర్చుకుంది. మోకరిల్లడం నేర్చుకుంది. ఊరేగింపులో వరుస తప్పకుండా నడవడం నేర్చుకుంది.

ఒక్కటి మాత్రం నేర్చుకోలేదు. అది నేలమాట.

నేలమాట అంటే ఏమిటో తెలుసా? ఏనుగులు ఒక్కోసారి గొంతు లోపల, మన చెవికి అందనంత లోతుగా పలుకుతాయి. ఆ మాట నేల వెంబడి పాకుతూ పోతుంది. దూరాన ఉన్న ఏనుగు పాదం ఆనించి దాన్ని వింటుంది. కాటుక బిడ్డకు అది నేర్పాలనే అనుకుంది. కానీ గజశాలలో నేలంతా బండలు. ఒకసారి పలికి చూస్తే పక్క సాలలో గుర్రాలు బెదిరి కట్లు తెంపుకున్నాయి. "రేపు నేర్పుతాలే," అనుకుంది. ఆ రేపు అలాగే జరుగుతూ పోయింది.

కుముదవర్మ ఏటా తొలకరికి ముందు కరివనానికి వెళ్ళి, తన కట్టుబాటు సరిగా సాగుతోందో లేదో చూసివచ్చేవాడు. ఆ ఏడు ఆయన ఓబయ్యను పిలిచి, "ఈసారి రాజనందినినీ, దాని బిడ్డనూ వెంట తీసుకురా. బరువేమీ పెట్టకు. ఊరికే నడిపించు," అన్నాడు.

ఆ మాట చెవిన పడినప్పటి నుంచి కాటుకకు మేత సహించలేదు. తల్లిని చూడబోతున్నానన్న ఆశ ఒక పక్క. బిడ్డ ఏం పొరపాటు చేస్తుందోనన్న దిగులు ఇంకొక పక్క. దారి పొడుగునా ఒకటే పాఠం.

"మువ్వా, అమ్మమ్మ కనపడగానే ఏం చేయాలి?"

"తొండం ఎత్తి దండం పెట్టాలి."

"కాదే! దండం రాజుగారికి. అమ్మమ్మ నోట్లో తొండం కొస పెట్టాలి."

"ఛీ! నోట్లోనా?"

"ఛీ అనకు. మనవాళ్ళు అలాగే పలకరించుకుంటారు."

మువ్వ కొంచెం దూరం ఆలోచిస్తూ నడిచింది. "మనవాళ్ళంటే ఎవరమ్మా? ఓబయ్య మామా?"

కాటుక కుంటికాలు కొంచెం ఎక్కువ ఈడ్చుకుంటూ నడిచింది.

అడవి మొదట్లో కాపలా ఉండే గురవమ్మ కర్ర అడ్డం పెట్టి అందరినీ ఆపింది. "డప్పు లోపలికి రాదు. దివిటీ రాదు. గంట రాదు," అంది.

"రాజుగారి పరివారానికి కూడానా?" అన్నాడు మంత్రి.

"రాజుగారు పెట్టిన కట్టుబాటే నాయనా. ఆయన మరిచిపోయారేమో, ఒక్క మాట అడిగి చూడు."

రాజు పకపకా నవ్వి, ముందుగా తన ఏనుగు మెడ గంట తానే విప్పించాడు. ఓబయ్య మువ్వ కాలి గంట విప్పాడు. మువ్వ నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"అమ్మా! నేను నడుస్తున్నానా?"

"నడుస్తున్నావే తల్లీ."

"మరి నా చప్పుడేదీ?"

"అడవిలో ఏనుగు నడిస్తే చప్పుడుండదు," అంది కాటుక. ఆ మాట తనకు తన తల్లి చెప్పింది.

రాజు ఒక వెలగచెట్టు కింద పరివారంతో ఆగిపోయాడు. ఓబయ్య తల్లినీ బిడ్డనూ ఏటి వైపు వదిలాడు. "పొద్దు వాలేలోగా వచ్చెయ్యి తల్లీ. రాకపోతే నేనే వచ్చి ఏడుస్తాను చూడు," అన్నాడు.

ఏటి ఒడ్డున మంద మేస్తోంది. అన్నింటికన్నా పెద్ద ఏనుగు, నుదురు గుంటలు పడి, చెవుల అంచులు తెల్లబడిన ముసలి ఏనుగు, తల ఎత్తింది. గాలి వాసన చూసింది. ఇక అది నడవలేదు, పరుగెత్తింది. వచ్చి తొండం కొస కాటుక నోట్లో పెట్టింది. తరువాత నుదురు తడిమింది. తరువాత విరిగి అతికిన కాలును పైనుంచి కింది దాకా మెల్లగా తడిమింది.

"చిక్కిపోయావు," అంది.

"లేదమ్మా. చెరకు పెడుతున్నారు, బెల్లం పెడుతున్నారు..."

"అయినా చిక్కిపోయావు."

వెనకనే వచ్చిన ఇంకొక ఏనుగు చెవులు విదిలించింది. అది కాటుక చెల్లెలు. ఒక చెవి చీలి ఉండడం వల్ల మందలో దాన్ని చీలిచెవి అంటారు. "మా కళ్ళకు మాత్రం గుబురు పొదలా కనిపిస్తోంది. అమ్మ కళ్ళే వేరు. ఏటి నీరెండి మేం ఎండు వెదురు నమిలినప్పుడు, పాపం, అక్క బెల్లం తిని చిక్కిపోయింది!"

ముసలి ఏనుగు ఆ మాట పట్టించుకోలేదు. "ఇదేనా నీ బిడ్డ? రా తల్లీ," అని మువ్వ నుదుటి మీదికి తొండం చాపింది.

"ఆగమ్మా," అంది చీలిచెవి. "నా బిడ్డలను తాకే ముందు మూడూ చూశావు. ఈ మనవరాలికి ఆచారం లేదా? బయటినుంచి వచ్చిందని చూడకుండా తాకుతావా?"

ముసలి ఏనుగు తొండం వెనక్కి తీసుకుంది. చీలిచెవి చెప్పింది నిజమే. ఆ మందలో కొత్త బిడ్డకు మూడు చూస్తారు. తిండి, నీళ్ళు, పిలుపు. మూడూ చూశాక మంద పెద్ద నుదురు తాకుతుంది. తాకిన బిడ్డ మంద బిడ్డ. రేపు తల్లి లేకపోయినా మంద దాన్ని విడిచిపెట్టదు. తాకని బిడ్డ మందలోకి వస్తే తరిమేస్తారు.

కాటుక తన కుంటికాలి వైపు చూసుకుంది. తన కాలు ఏడాదికేడాది మొరాయిస్తోంది. తానెంత కాలం ఉంటుందో తెలియదు. మువ్వ కాళ్ళు మాత్రం గట్టివి, ఎన్ని కొండలైనా ఎక్కగలవు. తన తరువాత ఆ బిడ్డకు తనవాళ్ళంటూ ఉండాలంటే, ఈ పొద్దు వాలేలోగా ఆ తొండం దాని నుదుటిని తాకాలి.

మొదట తిండి. ముసలి ఏనుగు ఒక లేత వెదురును వంచి పట్టుకుంది. మువ్వకు ఆకలి దంచేస్తోంది. అయినా ముట్టుకోలేదు. వెదురు వైపు చూసింది, అందరి మొహాలూ చూసింది, నిలబడింది.

"ఏమైందే? తినవేం?"

"ఎవరూ 'తీసుకో' అనలేదుగా," అంది మువ్వ.

మంద ఘొల్లున నవ్వింది. "విన్నారా!" అంది చీలిచెవి. "ఒకరు చెబితే గాని దీనికి ఆకలి కూడా వేయదట!"

తరువాత నీళ్ళు. ఏరు పైకి ఎండి ఉంది. ఇసుక తవ్వితే చెలమలో నీళ్ళు ఊరతాయి. మువ్వ ఇసుకను చూసింది, తొట్టి ఎక్కడుందోనని వెతికింది. ఎక్కడా లేదు. ఇక్కడ నీళ్ళు అడిగి తీసుకోవాలేమో అనుకుని, ముంగాళ్ళు వంచి, ఏటికి ఎదురుగా చక్కగా మోకరిల్లి దండం పెట్టింది.

ఈసారి మందలో పసిబిడ్డలు కూడా పొర్లి పొర్లి నవ్వాయి. చీలిచెవి తొండంతో ఇసుక ఎగజిమ్మి, "ఏటమ్మా, దొరసాని వచ్చింది, దయచేయండి!" అంది. కాటుక తల దించుకుంది.

ముసలి ఏనుగు నవ్వలేదు. "తిండీ నీళ్ళూ రెండు రోజులుంటే వాటంతట అవే వస్తాయి. మూడోది చూద్దాం. పులి తిరిగేటప్పుడు, కార్చిచ్చు లేచినప్పుడు బిడ్డను కాపాడేది అదే," అంది. తరువాత కాటుక వైపు తిరిగింది. "ఆచారం తెలుసుగా? మందంతా గట్టు దాటి వెళుతుంది. నేను అక్కడినుంచి మూడుసార్లు పిలుస్తాను. బిడ్డ పలకాలి. నువ్వు పక్కన ఉండవచ్చు, పలకకూడదు."

మంద గట్టు దాటింది. ఏటి ఒడ్డున తల్లీ బిడ్డా మిగిలారు.

కాసేపటికి కాటుక పాదాల కింద నేల మెల్లగా కదిలింది. ఎన్నేళ్ళకు విన్నదో ఆ గొంతు! అరికాళ్ళలోంచి పైకి పాకి గుండెలో ఆగింది. "ఎక్కడున్నావు?" అంటోంది.

మువ్వ ఒక తూనీగను చూస్తోంది. "అమ్మా, అమ్మమ్మ ఎప్పుడు పిలుస్తుంది?"

రెండోసారి నేల కదిలింది. "ఎక్కడున్నావు, తల్లీ?"

"బాగా ఆలస్యం చేస్తోంది కదమ్మా," అంది మువ్వ.

కాటుక బిడ్డ ముఖం చూసింది. దాని తప్పేముంది? రేపు రేపు అని జరిపింది తనే. మూడో పిలుపూ వచ్చింది. ఇదయితే ఇక పిలుపు లేదు. మంద అటునుంచి అటే వెళ్ళిపోతుందనుకుంది. కాటుక ఇక ఆగలేకపోయింది. కళ్ళు మూసుకుని, గొంతు చిన్నది చేసుకుని, పసిబిడ్డ పలికినట్టు నేలమాటలో పలికింది.

"ఇక్కడున్నాను!"

గట్టు అవతల ఘీంకారాలు చెలరేగాయి. మందంతా దుమ్ము రేపుకుంటూ తిరిగి వచ్చింది. ముసలి ఏనుగు కళ్ళు తడిసి ఉన్నాయి. "ఎంత చక్కగా పలికావే! అచ్చం మీ అమ్మ చిన్నప్పటి గొంతు!" అంటూ తొండం చాపింది.

మువ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను పలకలేదు అమ్మమ్మా."

తొండం గాలిలోనే ఆగిపోయింది.

"నువ్వు పిలిచిన సంగతే నాకు తెలియదు. అమ్మ గొంతు దగ్గర ఏదో కదిలింది. అప్పుడు మీరంతా వచ్చారు. పలికింది అమ్మే అయివుంటుంది. నాకు రాదు."

కాటుకకు ఆ ఇసుకలో కూరుకుపోతే బాగుండుననిపించింది. "అమ్మా, బిడ్డను ఏమీ అనకు. అన్నిటికీ నేనే..." అంది.

"బిడ్డను ఎందుకంటానే? నిన్నంటాను," అంది ముసలి ఏనుగు. "నేను పిలిచినప్పుడు ఏ బిడ్డయినా పలకలేదనుకో, ఏం చేస్తాను? వెతుక్కుంటూ వెనక్కి వస్తాను. పలికిందనుకో, అది క్షేమంగా ఉందని మందను నడిపించుకుని వెళ్ళిపోతాను. నువ్వు దాని గొంతుతో పలికితే నేను దాన్ని విడిచిపెట్టి వెళ్ళిపోతానే! ఏ పులి నోటి ముందో విడిచిపెట్టి వెళతాను, ఉందిలే అనుకుని!"

కాటుక తొండం ఇసుకలో వాల్చేసింది. తల్లి ఆగలేదు.

"నువ్వు గోతిలో పడిన నాడు పిలిచాను. నువ్వు పలకలేదు. పలకలేదు కాబట్టే వెతుక్కుంటూ గోతి దాకా వచ్చాను. నీకు ఒంటి మీద తెలివి లేదు. మనుషులు మంటలు వేసి తరిమేదాకా ఆ గోతి చుట్టూ తిరిగాను. నీకు తెలుసా ఆ సంగతి?"

"తెలియదమ్మా," అంది కాటుక. ఇన్నేళ్ళూ తల్లి తనను విడిచి వెళ్ళిపోయిందనే అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. తల్లి మెడ మీద తల ఆనించి ఏడ్చింది.

మువ్వ ఇద్దరి కాళ్ళ మధ్యకు దూరి నిలబడింది. "అమ్మమ్మా, రాకపోతే నేర్పరా ఇక్కడ? ఓబయ్య మామ అయితే వచ్చేదాకా నేర్పుతాడు."

ముసలి ఏనుగు ముక్కు చీదినంత చప్పుడు చేసి నవ్వింది. "ఏదీ, నీ పాదం చూపించు. అయ్యో, బండల మీద నడిచి బండలాగే అయింది! పద, తడి ఇసుకలో పెట్టు. నాలుగు కాళ్ళూ పెట్టు. ఊగకు. తూనీగలను చూడకు. ఇప్పుడు ఏమైనా తెలుస్తోందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు అమ్మమ్మా."

చీలిచెవికి ఓపిక చచ్చింది. ముందుకు వచ్చి, చెలమ పక్కన ఇసుకను తొండంతో తోడి, నీరు ఊరిన చోటికి మువ్వను నెట్టింది. "ఇక్కడ నిలబెట్టాలమ్మా. నా రెండోదానికి కూడా ఇక్కడే పట్టుబడింది. ఊఁ, ఇప్పుడు పలుకు."

ముసలి ఏనుగు పలికింది. మువ్వ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మా! కాళ్ళ కింద చక్కిలిగిలి! లోపలికి వస్తోంది, ఇక్కడి దాకా వచ్చింది! ఏమిటిది?"

"నేనే," అంది అమ్మమ్మ. "అది నేనేనే, పిచ్చితల్లీ."

అప్పుడు ముసలి ఏనుగు తొండం మువ్వ నుదుటిని తాకింది. చాలాసేపు అలాగే ఉంది. "ఇది ఇంకా పలకలేదు కదా," అని ఎవరో గొణిగారు.

"పలకడం మెల్లగా వస్తుంది. రాదని చెప్పే బిడ్డ మందలో ఉంటే నాకు దిగులు లేదు. ఎప్పుడు వెతకాలో నాకు తెలుస్తుంది," అంది మంద పెద్ద.

తరువాత మందంతా వరుసగా వచ్చి మువ్వను తాకింది. చీలిచెవి అందరికన్నా గట్టిగా తాకింది. "ఇదిగో, చెబుతున్నా విను. తిండి దగ్గర ఎవరి మాట కోసమూ చూడకు. నా పిల్లలు నీకు ఒక్క ఆకు కూడా మిగల్చరు." అని, ఒక వెదురు కొమ్మ విరిచి తనే దాని నోట్లో పెట్టింది.

పొద్దు వాలుతోంది. దూరం నుంచి ఓబయ్య పిలుపు వినిపించింది. ముసలి ఏనుగు వెలగచెట్టు కనపడేదాకా తోడు వచ్చింది. కూతురి కుంటికాలును ఇంకొకసారి తడిమి, వెనక్కి తిరిగింది.

వెలగచెట్టు కింద నుంచి రాజు ఆ వీడ్కోలు చూస్తూనే ఉన్నాడు. ఏనుగుల మాటలు ఆయనకు తెలియవు. తడిసిన కళ్ళు మాత్రం తెలుసు. "ఓబయ్యా, ఇకనుంచి ఏటా ఈ తల్లినీ బిడ్డనూ తీసుకురా," అన్నాడు.

తిరుగుదారిలో మువ్వ ఒక్క క్షణం ఊరుకోలేదు. "అమ్మా, నేలమాటలో ఇసుకను ఏమంటారు?"

కాటుక ఆగి, నేలకు పాదం ఆనించి పలికింది. మువ్వ తిప్పి పలికింది. తప్పు పలికింది. మళ్ళీ పలికింది.

"వెదురును?"

కాటుక పలికింది.

"మరి, వాన రాకముందు వచ్చే ఆ నల్లటి మబ్బును?"

కాటుక నోరు తెరిచింది. గొంతులో ఏమీ లేదు. వెతికింది. చిన్నప్పుడు తల్లి పొట్ట కింద నిలబడి ఆ మబ్బును చూసిన సంగతి గుర్తుంది, తడి మట్టి వాసన గుర్తుంది, తల్లి ఆ మాట పలికినప్పుడు తన ఒళ్ళు జలదరించడం గుర్తుంది. మాట మాత్రం గుర్తుకు రాలేదు. ఏదో ఒక చప్పుడు చేసి ఇదే అంటే బిడ్డ నమ్ముతుంది.

"నాకు రాదు మువ్వా," అంది కాటుక. "మరిచిపోయాను."

మువ్వ నవ్వలేదు. తల్లి కుంటికాలి పక్కకు వచ్చి, దానికి ఆనుకుని నడిచింది. "పోనీలే అమ్మా. వచ్చే ఏడు ఇద్దరం కలిసి అమ్మమ్మను అడుగుదాం."

పిల్లలూ, వినండి, పెద్దలూ వినండి: రానిదాన్ని రాదని చెప్పుకున్నవాళ్ళను తమవాళ్ళు వెతుక్కుంటూ వస్తారు; రాకపోయినా వచ్చినట్టు పలికితే, పిలిచే గొంతు కూడా నమ్మి దాటిపోతుంది.